మూతిదాకా పోసే మనిషి

మా ఆయన్ని నాలుగు మాటలు తిట్టి కడుపులో మంట చల్లార్చుకుందామని ఇది మొదలుపెట్టాను. తీరా కూర్చున్నాక తెలిసింది, తిట్టాలన్నా ముందు మనిషెవరో చెప్పాలని. లేకపోతే "ఈవిడకేం పనిలేదా, కట్టుకున్నవాణ్ణి ఇలా ఆడిపోసుకుంటోంది" అంటారు. అనండి, నాకేం బాధ లేదు. పూర్తిగా విన్నాక అనండి. ఇంకో మాట. ఎదురుగా ఉన్నప్పుడు నేనాయన్ని మీరు అనే అంటాను, అరిచేటప్పుడు కూడా. రాసేటప్పుడు మాత్రం ఆ మర్యాద ఇప్పట్లో వచ్చేలా లేదు.

ఆయన చేసేది పంపులు. బావిలో వేసే పంపులు కావు. కారు పెట్రోలు ట్యాంకు లోపల, పెట్రోల్లోనే మునిగి, ఒక పంపు ఉంటుంది. ట్యాంకులో ఉన్నదాన్ని ఇంజనుకు తోయడం దాని పని. మామూలు కారుకు దాంతోపాటు వచ్చిన పంపు చాలు. కానీ ఇంజను విప్పి, బలం పెంచి, పందేలకు తిప్పే కార్లు కొన్నుంటాయి. వాటి దాహం వేరు. అడిగినప్పుడు అడిగినంత అందలేదా, ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది, లేదంటే లోపల వేడెక్కి కరిగిపోతుంది. అలాంటి కార్ల కోసం మా ఆయన ఒక కొత్త అమరిక తయారుచేశాడు. ట్యాంకు అడుగున చెంబంత గిన్నె, ఆ గిన్నెలో ఒకటికి రెండు పంపులు, లావు గొట్టం, లావు వైరు. కారు మలుపు తిరిగితే ట్యాంకులో పెట్రోలంతా ఒక పక్కకి పోతుంది కదా, అప్పుడు పంపు నోటికి పెట్రోలు బదులు గాలి తగలకుండా ఆ గిన్నె కాపాడుతుంది. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండటానికి సన్నటి ముక్కు ఒకటి పెట్టాడు. అది ట్యాంకులోంచి పెట్రోలు లాగి గిన్నెలో పోస్తూ ఉండాలి. ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నాడు. నా మొహం కన్నా ఆ గిన్నె మొహమే ఎక్కువ చూశాడు.

మేం పనిచేసేది ఒక రేకుల షెడ్డులో. అటు టైర్ల కొట్టు, ఇటు అద్దాలు కోసే కొట్టు, మధ్యలో మాది. ఎండాకాలం రేకుల వేడికి నెత్తి మాడిపోతుంది. వానాకాలం వాన చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడదు, మా ఇద్దరికీ అదే మంచి కాలం. యజమానిని అందరం గడియారం సారు అంటాం, మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాడి మొహం చూడకుండా మణికట్టు చూసుకుంటాడని. షెడ్డులో ఒక మూల నా కుట్టుమిషను. రేసు కార్లకి సీట్లు కుడతాను నేను. డ్రైవరు నడుం కొలత, భుజాల కొలత తీసుకుని, ఏ పక్క ఎంత స్పాంజి కావాలో చూసి, మలుపులో మనిషి వేలెడు కూడా జారకుండా కుట్టాలి. ఎదురు మూల ఆయన బెంచీ. వాకిలి దగ్గర కారు. ఆ కారు నడిపేది నా తమ్ముడు. పంపు ఆయనది, సీటు నాది, స్టీరింగు తమ్ముడిది. "కుటుంబం మొత్తం ఒకే బండిలో ఉందమ్మా" అని గడియారం సారు నవ్వేవాడు.

షెడ్డులో మా ఆయన పేరు 'మూతిదాకా'. ఏ పాత్రయినా నిండా ఉండాలి ఆయనకి. చిన్నప్పుడు వాళ్ళుండే వరుస ఇళ్ళన్నిటికీ ఒక్కటే కుళాయి. నీళ్ళు వచ్చేదే కాసేపు. ఆ కాసేపట్లో బిందె నిండకపోతే వాళ్ళమ్మ చేతిలో వీపు విమానం మోత మోగేదట. ఆ దెబ్బలు ఒంటికింకా గుర్తున్నాయో ఏమో, సగం బిందె కనపడితే చాలు, ఊపిరాడదు మనిషికి. పెళ్ళయిన కొత్తలో నాకు మంచినీళ్ళిస్తూ గ్లాసు అంచుదాకా పోసి, నా కొత్త చీర మీద ఒలకబోసి, "ఏం గ్లాసులు చేస్తున్నార్రా వీళ్ళు!" అని గ్లాసు మీద కేకలేశాడు. నాకప్పుడే అర్థమై ఉండాల్సింది. ఆయన దగ్గర తప్పెప్పుడూ గ్లాసుదే.

మొదట మోటార్లకి తీగ చుట్టే కొట్లో చేరాడు. అక్కడ యజమానితో గొడవ. తర్వాత కార్ల కరెంటు పని. అక్కడా గొడవే. ఎక్కడ మానేసినా వాళ్ళు చెప్పింది ఒకటే, చెయ్యి మంచిది, నోరే మంచిది కాదని. ముక్కు మీద కోపం ఉంటుందంటారే, ఈయనకి ముక్కు మీదే కాదు, చెవుల మీదా కనుబొమల మీదా కూడా ఉంటుంది. గడియారం సారు ఒక్కడే భరించాడు. భరించడమేమిటి, ఈయన అరుస్తుంటే ఆయన టైము చూసుకుంటూ ఉంటాడు, అరుపు అయ్యాక పని చెబుతాడు.

ఇక షెడ్డులో ఈయన పెట్టిన చట్టం ఒకటుంది. పరీక్షకి ఏ బండి వచ్చినా ముందు ట్యాంకు మూతిదాకా నింపాలి. ఎవరైనా సగం ట్యాంకుతో తెచ్చారా, అయిపోయారే. "ఆకలితో ఉన్నవాణ్ణి పరుగెత్తిస్తావా? మనిషివేనా నువ్వు?" అని వాళ్ళ ముందే డబ్బా ఎత్తి, మెడ దాకా పోసి, మూత పెట్టి, తట్టి, అప్పుడు స్టార్ట్ చేయించేవాడు. బెంచీ మీద పంపును పరీక్షించినా అంతే. ట్యాంకును అటు వంచి ఇటు వంచి, మలుపులో ఎలా ఒరుగుతుందో అలా ఒరిగించి చూసేవాడు. అప్పుడూ ట్యాంకు నిండుగానే ఉండేది. పంపు హాయిగా పాడేది. ఆ పాట వింటూ కళ్ళు మూసుకునేవాడు.

పందెం రోజున మాత్రం పెట్రోలు పొయ్యడం గడియారం సారు పని. బరువు తగ్గాలని, చివరి చుట్టు దాటేంత మటుకే పోస్తారు. ఆ పూట మా ఆయన మొహం చూడాలి, పసిపిల్లాణ్ణి ఎవరో పస్తు పడుకోబెట్టినట్టు మూతి ముడుచుకుని తిరిగేవాడు. అంతే గానీ, పందెంలో బండి తాగేది తన బెంచీ మీద తాగినట్టు కాదని ఆ బుర్రకి తట్టలేదు. అందరం అక్కడే ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

తట్టింది నా తమ్ముడికి. వాడిది మెతక నోరు. అడిగితే గానీ చెప్పడు, చెప్పినా సగమే చెబుతాడు. అమ్మ పోయాక నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు. పందేలు మొదలైన కొత్తలో ఒకరోజు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని వచ్చి బెంచీ దగ్గర నిలబడ్డాడు.

"బావా, చివరి చుట్లలో ఆ పొడుగు కుడి మలుపు ఉంది చూడు, అక్కడ బండి దగ్గుతోంది. పెట్రోలు ఒత్తిడి మీటరు ముల్లు కూడా పడిపోతోంది."

మా ఆయన తల ఎత్తలేదు. "దగ్గేది బండి కాదురా. నీ కాలు. భయమేసి కాలు తీస్తున్నావ్."

మీకు తెలియదేమో, డ్రైవర్ల మధ్య అంతకన్నా పెద్ద తిట్టు లేదు. మలుపులో యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీశాడంటే పిరికివాడని అర్థం. షెడ్డులో ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. తమ్ముడు నా మూలకి వచ్చి స్పాంజి దిండ్ల మీద కూలబడి, "తియ్యలేదక్కా" అన్నాడు. అంతే.

ఆ మాట వాడు మళ్ళీ ఇంకో పందెం అయ్యాక చెప్పాడు. ఈసారి మా ఆయన పంపు బయటికి తీసి, నిండు ట్యాంకులో పెట్టి, స్విచ్ వేసి చూపించాడు. "విను! ఇది దగ్గుతోందా? నీకు గుండె ధైర్యం లేకపోతే చెప్పు, ఇంకొకణ్ణి కూర్చోబెడదాం. నా పంపుని మాత్రం ఆడిపోసుకోకు." నేను మిషను ఆపి, "వాడు చెబుతున్నాడు కదండీ, ఒక్కసారి వింటే మీ సొమ్మేం పోతుంది?" అన్నాను. "కుట్టుకునేదానివి కుట్టుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సూది వంగేదాకా కుట్టాను.

తర్వాతి పందెంలో, ఆఖరి చుట్లలో, అదే కుడి మలుపులో ఇంజను ఠపీమని ఆగిపోయింది. నేను కంచె దగ్గరే ఉన్నాను. ముందు చప్పుడు పోయింది. అన్ని బండ్ల మోతలోనూ మా బండి మోత నాకు వేరుగా తెలుస్తుంది, అది ఒక్కసారిగా లేకుండా పోయింది. వెనకున్న బండి వచ్చి గుద్దింది. మావాడి కారు గిర్రున తిరిగి, వరసగా పేర్చిన టైర్ల గోడలో దూరింది. ఎలా పరుగెత్తానో, కంచె ఎలా దాటానో ఇప్పటికీ తెలియదు. పట్టీలు కోసి, నేను కుట్టిన సీటు కోసి, వాణ్ణి బయటికి లాగారు. భుజం ఎముక, మణికట్టు విరిగాయి. ప్రాణానికి ఏం కాలేదు.

ఆసుపత్రిలో వాడు కట్లతో పడుకుని ఉన్నాడు. మా ఆయన వచ్చాడు. చేతులకింకా పెట్రోలు వాసన. బామ్మర్ది మంచం పక్కన నిలబడి, ఎలా ఉందిరా అని అడగలేదు, నొప్పి తగ్గిందా అని అడగలేదు. మొదటి మాట ఏమిటో తెలుసా?

"కాలు తీశావా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కుపోయాను. "మీకు మనసనేది ఉందా? వాడు విరిగి పడుకుంటే మీకు మీ పంపు గోలా?" అని అరిచాను. నర్సు వచ్చి ఇద్దర్నీ బయటికి పొమ్మంది. బయట కూడా ఆయన, "ఊరికే ఆగిపోదే అది, నా పంపు ఊరికే ఆగిపోదు" అనే అంటున్నాడు. గోడకు చెప్పుకున్నా నయమే.

నుజ్జయిన కారులోంచి పంపు విప్పి తెచ్చాడు. ట్యాంకు పగిలి పెట్రోలంతా మట్టిలో ఇంకిపోయింది, అందులో ఎంత మిగిలిందో చెప్పే దిక్కు లేదు. మామూలుగానే పంపును నిండు ట్యాంకులో ముంచి స్విచ్ వేశాడు. అది పాడింది. "చూశారా, దీనికేం రోగం?" అని అందరికీ చూపించాడు. నలుగురూ తల ఊపారు.

గడియారం సారుకి అటు ఇరకాటంగానే ఉంది. వేరే జట్లవాళ్ళు ఆ పంపు తమకీ కావాలని అడుగుతున్నారు. కొందరు అప్పటికే పట్టుకుపోయారు. ఇప్పుడు వాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, బండి ఎందుకు ఆగిందని. "శనివారం అందర్నీ పిలుస్తున్నాను. తప్పు పంపుదో, డ్రైవరుదో నువ్వే చెప్పు. నువ్వు చేసిన పంపు, నువ్వు చెప్పిందే మాట" అని మా ఆయనకి వదిలేశాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కోసిన సీటు తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు. "దీన్ని బాగుచెయ్యాలమ్మా. కొలతలు మాత్రం శనివారం దాకా ఆగు. డ్రైవరు తప్పే అయితే వాణ్ణి ఇంక ఎవరూ కూర్చోనివ్వరు, కొత్తవాడి కొలతలు ఇస్తాను."

ఆ సీటులో మా తమ్ముడి భుజం పల్లం ఇంకా అలాగే ఉంది. వాడికి వచ్చిన పని బండి నడపడమొక్కటే. మలుపులో కాలు తీసి ప్రమాదం చేశాడని పేరు పడితే ఏ షెడ్డువాడూ తాళంచెవి చేతికివ్వడు. ఆ మాట చెప్పేది ఎవరు? నా మొగుడు. సీటులో వాడి కొలత చెరిపేసేది ఎవరు? నేను. ఇంతకన్నా చక్కటి సంసారం ఎక్కడైనా ఉందా చెప్పండి.

ఆ రోజు నుంచి ఇంట్లో ఏదీ నిండా పొయ్యడం మానేశాను. మంచినీళ్ళ బిందె సగం. టీ సగం. పప్పు డబ్బా సగం. ఆయనకి ఏది ఎక్కువ మండుతుందో నాకు బాగా తెలుసు, మండాలనే చేశాను.

"ఏంటే ఇది? సగం గ్లాసేంటి?"

"అంతే ఉంది."

"గిన్నెలో ఇంకా ఉంది కదా!"

"ఉంటే? మీకు నిండా ఇవ్వాలని ఎక్కడ రాసుంది? సగంతో బతకడం అలవాటు చేసుకోండి, నా తమ్ముడు సగం భుజంతో బతకట్లా?"

గ్లాసు నేలకేసి కొట్టాడు. నేను ఇంకో గ్లాసులో సగం పోసి పెట్టాను.

గురువారం పొద్దున్నే ఇక తాడో పేడో తేల్చుకుందామని అడిగేశాను. "మీ పంపు మీద మీకు నమ్మకం ఉందా లేదా?"

"నూటికి నూరుపాళ్ళు."

"అయితే పందెం ఆఖర్లో వాడి బండిలో ఎంత పెట్రోలుంటుందో అంత పెట్రోలుతో, ఆ మలుపు మీరు తిరగండి. పక్కన నేను కూర్చుంటా."

"నీకేమన్నా పిచ్చా?"

"భయమా?"

ఆ మాట అన్నాక ఆగే మనిషి కాదు ఆయన. షెడ్డులో ఇంకో కారుంది, పంపు కొనడానికి వచ్చేవాళ్ళకి చూపించేది. రోడ్డు మీదా తిరుగుతుంది, రెండు సీట్లున్నాయి. దాంట్లోనూ ఇదే పంపు. దాంట్లోనే పందేల మైదానానికి పోయాం. పందెం లేని రోజు కదా, ఖాళీగా ఉంది. ఆయన కారు దిగి, వెనక డిక్కీలోంచి పెట్రోలు డబ్బా తీశాడు. చెయ్యి అలవాటుగా మూత దగ్గరికి పోతోంది. నేను డబ్బా లాక్కుని, నేల మీద పెట్టి, దాని మీద కూర్చున్నాను.

"లే!"

"లేవను."

"ఆకలితో ఉన్న బండిని..."

"నా తమ్ముణ్ణి ఆకలితోనే పరుగెత్తించారు. మీరూ అలాగే తిరగండి."

కాసేపు నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. నేను కదలనని అర్థమై, గొణుక్కుంటూ కారెక్కాడు. డబ్బాని అక్కడే వదిలేసి నేనూ ఎక్కాను.

ఆయన నా తమ్ముడిలా నడపలేడు. అయినా కాలితో తొక్కిపట్టడానికి పెద్ద విద్యేం కావాలి? మొదటి చుట్లు బాగానే ఉన్నాయి. ఆ పొడుగు కుడి మలుపులో నా ఒళ్ళంతా తలుపు వైపుకి ఒరిగిపోయింది. ఆయన నా వైపు చూసి పెదవి విరిచి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు తలుపు తీసి దూకాలనిపించింది. అలా తిరుగుతూనే ఉన్నాం. ట్యాంకు తగ్గుతూ వచ్చింది. అప్పుడు, మలుపు సగంలో, బండి దగ్గింది.

దగ్గింది! మా వాడు చెప్పిన మాటే. ముల్లు కూడా పడిపోయే ఉంటుంది. నేను ముల్లు చూడలేదు, ఆయన కాలు చూశాను. ఆ కాలు పైకి లేచింది. ఇంజను మళ్ళీ అందుకుంది.

"తీశారు" అన్నాను.

"ఏం తీశాను?"

"కాలు."

మొహం నల్లబడిపోయింది. మళ్ళీ చుట్టు తిరిగాడు. ఈసారి ఆ మలుపులో పళ్ళు బిగించి కాలు తొక్కిపట్టే ఉంచాడు. బండి ఒకసారి దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుపోయింది. రోడ్డు వదిలి గడ్డిలోకి జారి, ఎక్కడో నిలబడ్డాం. వెనక ఏ బండీ లేదు కాబట్టి బతికాం.

అప్పుడైనా ఒక మాట అంటాడనుకున్నాను. అన్నాడు. "పెట్రోలు తక్కువైంది. అంతే."

మళ్ళీ గ్లాసుదే తప్పు! చేతిలో ఏదైనా ఉంటే ఆ నెత్తి పగలగొట్టేదాన్ని. "తక్కువైందా, అయిపోయిందా? చూడండి. దిగి చూడండి!"

దిగాడు. డిక్కీలో పంపు పైనుండే మూత విప్పి, చెక్క పుల్ల ముంచి తీశాడు. పుల్ల అడుగున రెండు వేళ్ళ మేర తడి. పెట్రోలుంది. ఇంకా చాలా చుట్లకి సరిపడా ఉంది. గిన్నెలో మాత్రం లేదు. ఆయన ఆ పుల్లని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నాకు కాదు, ఆ పుల్లకి చెప్పుకున్నట్టు చెప్పాడు. గిన్నె నింపే ముక్కుకి ఊపు ఇచ్చేది ఇంజను తాగగా మిగిలి వెనక్కి వచ్చే పెట్రోలు. కాలు పూర్తిగా తొక్కితే ఇంజను మొత్తం తాగేస్తుంది, వెనక్కి వచ్చేదేమీ ఉండదు. ఊపు లేదు, గిన్నె నిండదు. ట్యాంకు నిండుగా ఉంటే గిన్నె ఎలాగూ మునిగే ఉంటుంది, ముక్కు పనిచేస్తోందో చచ్చిందో ఎవరికీ తెలియదు. ఆయన ఒక్కనాడూ నిండని ట్యాంకుతో చూడలేదు.

వెనక చక్రం పక్కన కూలబడ్డాడు. నేను ఎదురుచూశాను. "పద, పోదాం" అన్నాడు.

శుక్రవారం అడిగాను, "రేపు ఏం చెప్తారు?" అని. నీళ్ళు నమిలాడు. "ఆ పంపు నా..." అని ఆగాడు. ఆ పంపు ఆయన సొంతంగా చేసిన ఒకే ఒక్క వస్తువు, అది నాకూ తెలుసు. తప్పని ఒప్పుకుంటే పట్టుకుపోయినవాళ్ళంతా వెనక్కి తెచ్చి మొహాన కొడతారు, ఇన్నేళ్ళూ ఏం చేశావయ్యా అంటారు. అన్నీ తెలుసు. అయినా జాలి రాలేదు. "రేపు మీరు వాడి మీద గనక వేశారంటే, ఆ సీటు ఎవరి కొలతకీ కుట్టను, మీతో ఒక్క మాట మాట్లాడను. నా సంగతి మీకు తెలుసు" అని చెప్పేసి వెళ్ళి పడుకున్నాను.

శనివారం షెడ్డు నిండా జనం. డ్రైవర్లు, పంపు పట్టుకుపోయినవాళ్ళు, పట్టుకుపోదామని వచ్చినవాళ్ళు. తమ్ముడు చెయ్యి మెడకి వేలాడేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఎటు పొమ్మంటే అటు పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. గడియారం సారు మణికట్టు చూసుకుని, "ఊఁ, చెప్పు" అన్నాడు.

మా ఆయన పంపు బెంచీ మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"వాడు కాలు తియ్యలేదు. మొన్న అదే మలుపులో, ఇదే పంపుతో, కాలు తీసింది నేను."

ఆయన పంపు వైపే చూస్తూ చెప్పుకుపోయాడు. ముక్కు సంగతి, గిన్నె సంగతి, నిండు ట్యాంకు సంగతి. "పట్టుకెళ్ళినవాళ్ళు తెచ్చిచ్చెయ్యండి. దీంతో ఎవరూ తిరగొద్దు." ఎవరో ఏదో అడగబోయారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇంకోటుంది. బండి దగ్గినప్పుడు నేను కాలు తీశాను, బండి మళ్ళీ అందుకుంది. తియ్యకుండా తొక్కిపట్టాను, ఆగిపోయింది. వీడు కూడా తీసుంటే ఆగేది కాదు, ఎముకలు విరిగేవి కాదు. వీడు ఎందుకు తియ్యలేదో..." అక్కడ మాట తెగిపోయింది.

గుమ్మం దగ్గర నుంచి తమ్ముడు అన్నాడు, "తీద్దామనే అనుకున్నా బావా. దగ్గగానే తెలిసింది నాకు. నువ్వన్న మాట గుర్తొచ్చింది. ఇంకా గట్టిగా తొక్కా."

ఆ మాట వాడు నాక్కూడా చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను పంపు మీద కొట్లాడాను, ముక్కు మీద, పెట్రోలు మీద కొట్లాడాను. వాడి ఎముక విరిచింది పంపు కాదు. ఈయన నోరు. ఈయన తప్పు ఒప్పుకుంటే నా కోపం చల్లారుతుందనుకున్నాను, చల్లారకపోగా రెట్టింపయింది. అందరి ముందూ లేచి ఏదో అనబోయాను. ఆయన మొహం చూసి మళ్ళీ కూర్చుండిపోయాను. బెంచీ అంచు పట్టుకుని నిలబడ్డాడు, వదిలితే పడిపోయేలా ఉన్నాడు.

గడియారం సారు ఆ పూట మొదటిసారి మణికట్టు మీంచి కళ్ళెత్తాడు. నా దగ్గరికి వచ్చి, "సీటు పాత కొలతకే కుట్టమ్మా" అని వెళ్ళిపోయాడు.

పంపులన్నీ వెనక్కొచ్చాయి. తెచ్చినవాళ్ళు అనాల్సిన మాటలన్నీ అన్నారు, ఆయన తల వంచుకుని పడ్డాడు. తర్వాత ముక్కుకి ఊపు ఇంజను మిగులు మీద ఆధారపడకుండా, మొదటి పంపు నుంచే నేరుగా వచ్చేలా విడిగా గొట్టం లాగాడు. ట్యాంకు మూలల్లో పెట్రోలు పీల్చే నోళ్ళు ఇంకో రెండు పెట్టాడు. నేను మాత్రం మాట్లాడలేదు. సీటు కుట్టాను. కోసిన చోట కొత్త తోలు వేసి, భుజం పల్లం అలాగే ఉంచాను.

ఎముకలు అతుక్కుని, వైద్యుడు సరేనన్నాక, తమ్ముడు మొదటిసారి ఆ సీటులో కూర్చున్న రోజు నేను పక్కనే నిలబడి పట్టీలు సరిచేస్తున్నాను. మా ఆయన పెట్రోలు డబ్బా ఎత్తుకుని వచ్చాడు. ట్యాంకు మూత తీశాడు. డబ్బా వంచలేదు.

"ఎంత పొయ్యమంటావురా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఎవర్నయినా ఆ ప్రశ్న అడగ్గా నేను వినలేదు.

"అడుగున కాస్త చాలు బావా."

కాస్తే పోశాడు. మూత పెట్టాడు. కిటికీ దగ్గరికి వచ్చి, వంగి, నన్ను తోసుకుని లోపలికి తల పెట్టాడు.

"ఒరేయ్. దగ్గితే కాలు తీసెయ్యి. వింటున్నావా? ఒక్క దగ్గు వినపడినా తీసెయ్యి. ఎవడేమన్నా సరే."

"నువ్వన్నా కూడానా?"

"నేనన్నా కూడా."

తమ్ముడు తల ఊపి హెల్మెట్ పెట్టుకున్నాడు. నేను వాడి భుజం మీద పట్టీ బిగించి, పక్కకి తప్పుకున్నాను.